అమాండా అంటే

కంటి ఆసుపత్రి ఓపీ హాల్లో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె పని పేర్లు పిలవడం. గాజు కిటికీ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, చీటీల కట్ట ముందు పెట్టుకుని, మైకు దగ్గరికి వంగి ఒక్కో పేరునూ రెండుసార్లు పిలుస్తుంది. మొదటిసారి మామూలుగా, రెండోసారి కాస్త సాగదీసి. కళ్ళలో చుక్కలు వేయించుకుని తల వెనక్కి వాల్చి కూర్చున్నవాళ్ళు రెండో పిలుపుకి గానీ లేవరు. చూపు మసకగా ఉంటుంది కాబట్టి గోడ తడుముకుంటూ కిటికీ దాకా వచ్చి, "నన్నేనా అమ్మా?" అని అడుగుతారు. "మిమ్మల్నే, మూడో గది" అంటుంది. రోజుకి రెండొందలకు తక్కువ కాకుండా పేర్లు. సాయంత్రానికి గొంతు గీరుకుపోయేది.

ఆమెను మాత్రం ఆసుపత్రిలో అందరూ టోకెనమ్మ అనేవారు. ఇంటి దగ్గర ఆమె పై వాటా ఆవిడ. కొట్టతనికి పెద్దమ్మ. అక్క కూతురికి పిన్ని. అసలు పేరు అమాండా. ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, అక్క. ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోను మోగేది. "ఏమే అమాండా, లేచావా, ఇంకా మంచానికి అతుక్కునే ఉన్నావా?" అనేది. తర్వాత అరగంట సేపు మోకాళ్ళ నొప్పుల గురించీ, కోడలు దాచిపెట్టే రిమోట్ గురించీ చెప్పేది. ఆ అక్క నాలుగు నెలల కిందట పోయింది. పోయాక మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, అలవాటు కొద్దీ కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను పక్కన కూర్చున్నప్పుడు ఆమెకు తట్టింది, ఇక తనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరని. ఏడుపు రాలేదు. ఇంత పెద్ద విషయం ఇన్నాళ్ళూ తోచనందుకు ఆశ్చర్యం మాత్రం కలిగింది. గదిలో ఎవరూ లేరు కదా అని ఒకసారి తనే పైకి అని చూసుకుంది. వేరే ఎవరి పేరో పిలిచినట్టే ఉంది. రెండోసారి సాగదీసి పిలవబోయి ఊరుకుంది.

ఆ పేరు పెట్టింది నాన్న. ఆయన డిస్పెన్సరీలో కాంపౌండరు. చీటీ చూసి మందులు కలిపి, సీసాలో పోసి, లేబుల్ అంటించి ఇచ్చేవాడు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. ఆయన గురించి ఆమెకు గుర్తున్నవి చేతుల దగ్గర వచ్చే స్పిరిట్ వాసన, గుండ్రటి దస్తూరి, అంతే. చుట్టాల్లో ఎవరికీ అలాంటి పేరు లేదు. ఎక్కడిదని అడిగితే అక్క "సీసాల మీద లాటిన్‌లో ఉండేది కదే, అందులోంచి ఏదో తీసి పెట్టేసుంటాడు" అని నవ్వేసేది. బడిలో పిల్లలకు అది ఆటవస్తువు. హాజరు పిలవగానే వెనక బెంచీలోంచి "అమ్మ ఉందా? అమ్మ ఉందా?" అని మొదలుపెట్టేవారు. "ఉంది, ఇంట్లో ఉంది" అని ఆమె సీరియస్‌గా జవాబిచ్చేది. దానికి ఇంకా నవ్వేవారు.

అమ్మ ఇంట్లో ఉండేది నిజమే. కానీ ఆ అమ్మ ఆమెను ఒక్కనాడూ పేరుతో పిలవలేదు. అవసరమైతే "చిన్నదానా" అనేది. చాలాసార్లు అదీ ఉండదు, వచ్చి గుమ్మంలో నిలబడేది, ఈమె తలెత్తి చూసేదాకా. అక్క తలను ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెప్పే మనిషి, ఈమె దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోయేది. కొట్టింది లేదు, తిట్టింది లేదు. పెద్దయ్యాక ఒకసారి, "అమ్మకి నేనంటే ఎందుకే పడేది కాదు?" అని అక్కను అడిగింది. "అమ్మ సంగతి వదిలెయ్, పోయిన మనిషి" అంది అక్క. అంతటితో ఆ మాట అయిపోయింది.

రిటైర్మెంటుకు ఆరు వారాలుందనగా ఆఫీసు హెడ్ క్లర్కు కబురు పెట్టాడు. లావుపాటి మనిషి, మాటకారి. ఆమె కాగితాలు బల్ల మీద రెండు వరసలుగా పేర్చి పెట్టుకున్నాడు.

"కూర్చోండి టోకెనమ్మగారూ. మీ పేరేంటండీ?"

"అమాండా. అదేం ప్రశ్న?"

"మీ సర్వీసు బుక్కు అదే అంటోంది. మీరు తెచ్చిచ్చిన పుట్టిన సర్టిఫికెట్ మాత్రం అమాటా అంటోంది." అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో చూపించాడు. "ఒక సున్నా, ఒక అక్షరం. సున్నాకి విలువ లేదంటారు గానీ, ఇప్పుడు మీ పెన్షనంతా దాని దగ్గరే ఆగింది చూడండి."

"టైపు తప్పేమో."

"అయ్యుండొచ్చు. అసలు రిజిస్టరులో ఏముందో నకలు తెచ్చుకోండి. లేకపోతే సుఖంగా అమాటా అని మార్చేసుకోండి, ఒక అఫిడవిట్‌తో పోతుంది. ఇప్పుడు ఎలాగూ ఆ పేరుతో ఎవరు పిలుస్తున్నారు మిమ్మల్ని?"

అతను సరదాకే అన్నాడు. ఆమె కాగితాలు తీసుకుని లేచింది.

జనన మరణాల రికార్డు గది మునిసిపల్ ఆఫీసు నేలమాళిగలో ఉంది. అక్కడ పనిచేసే ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని, నిచ్చెనెక్కి, ఆ సంవత్సరం రిజిస్టరు దించింది. అట్ట ఊడి, తాడుతో కట్టి ఉంది. ఇద్దరూ పైనున్న చిన్న కిటికీ వెలుతురులోకి తెచ్చుకుని పేజీలు తిప్పారు. తేదీ దొరికింది. అమ్మ పేరు, నాన్న పేరు, ఆడపిల్ల. పేరు గడిలో గుమాస్తా రాతలో అమాటా అని ఉంది. దాని మీదుగా ఒకే ఒక గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. పైన వేరే దస్తూరిలో అమాండా. ఆ గుండ్రటి అక్షరాలను ఆమె వెంటనే గుర్తుపట్టింది. సీసాల మీద చూసినవే.

"మీ నకలు రాసినవాడు గీత చూసుకోలేదు. పెద్దవాళ్ళు దిద్దిందే లెక్క, ఇవాళే కాపీ ఇచ్చేస్తా" అంది రికార్డుల ఆవిడ. తర్వాత ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, "ఇది వెంటనే దిద్దింది కాదే! మీరు పుట్టిన మూడు నెలలకి దిద్దారు. తేదీ వేశారు చూడండి. సాక్షి సంతకం కూడా పెట్టించారు" అంది.

సాక్షి సంతకం కింద "రెండో కాంపౌండరు" అని రాసి, ఇంటి చిరునామా ఉంది.

నకలు చేతికొచ్చింది. ఆమె పని అయిపోయింది. అయినా బస్టాపులో నిలబడి ఎక్కాల్సిన బస్సు రెండుసార్లు వదిలేసింది. ఒక అక్షరం కోసం మూడు నెలల తర్వాత సాక్షిని వెంటేసుకుని మరీ వచ్చాడంటే ఏదో ఉండే ఉంటుంది. అడగడానికి అమ్మ లేదు, నాన్న లేదు, అక్క లేదు. ఆ రెండో కాంపౌండరు మాత్రం ఉంటాడని ఏముంది? ఉంటే ఎనభై దాటి ఉండాలి.

ఉన్నాడు. డిస్పెన్సరీ ఉన్న చోట ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబు వచ్చింది గానీ, వెనక సందులో ఆ ఇల్లు అలాగే ఉంది. కోడలు తలుపు తీసింది. చేతికి సబ్బు నురగ.

"మామగారితో పనా? పొద్దుట పూట బానే ఉంటారండీ. మధ్యాహ్నం దాటితే కాస్త అటూ ఇటూ అవుతుంటారు. రండి."

ఆయన కిటికీ పక్క కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె తన తండ్రి పేరు చెప్పగానే కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"పెద్దదానివా, చిన్నదానివా?"

"చిన్నదాన్నండీ."

"దూది పెట్టె పిల్లవి!" అన్నాడాయన గొంతు పెంచి. "కోడలా, ఈ అమ్మాయికి టీ పెట్టు. దీన్ని నేను కాలితో ఊపి పెంచాను."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. రిజిస్టరు నకలు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ నాన్న ఒట్టి మొండి మనిషమ్మా. నీకు ఇదంతా ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ."

"చెప్పొచ్చో లేదో మరి. నీ వయసెంత ఇప్పుడు?"

"రిటైరవుతున్నానండీ."

"అయితే చెప్పొచ్చు." ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "నువ్వు పుట్టాక మీ అమ్మకి ఏదో అయింది. ఇప్పుడైతే దానికో పేరుంది, మందుంది. అప్పుడు డాక్టరు టానిక్కు రాశాడు. నేనే కలిపిచ్చాను. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేది. నిన్ను పక్కలో పెడితే లేచి అవతల గదిలోకి వెళ్ళిపోయేది. పెద్దదాన్ని బానే చూసుకునేది, అదే ఎవరికీ అంతుపట్టేది కాదు. మీ నాన్న నిన్ను డిస్పెన్సరీకి తెచ్చేసేవాడు. దూది వచ్చే అట్టపెట్టె ఉంటుందే, దాన్లో పడుకోబెట్టి కౌంటరు కింద పెట్టేవాడు. పాలు పట్టడానికి చుక్కల మందు గొట్టం. నేను మందు కలుపుతూ కాలితో పెట్టె ఊపేవాణ్ణి."

కోడలు టీ తెచ్చి ఇచ్చి, తనూ గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"మూడు నెలలయ్యాక మీ మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. పిల్లల్లేని వాళ్ళు, మంచివాళ్ళే. నిన్ను పెంచుకుంటామన్నారు. మీ నాన్న సరేనన్నాడు. ఇంకేం చేస్తాడు? అటు ఉద్యోగం, ఇటు నువ్వు. వాళ్ళకి ఇవ్వాలంటే పుట్టిన కాగితం కావాలి కదా, దానికని ఇద్దరం రిజిస్టరు ఆఫీసుకెళ్ళాం. గుమాస్తా పేజీ తీశాడు. మీ నాన్న ఆ పేరు చూసి అలాగే నిలబడిపోయాడు. నువ్వు పుట్టిన రోజున సంబరంగా రాయించిన పేరది. అమాటా."

"అంటే ఏంటండీ?"

"ప్రేమ పొందినది అని. లాటిన్. మాకు వచ్చింది సీసాల లాటినే అనుకో. కానీ మీ నాన్న దగ్గర పాత పుస్తకమొకటి ఉండేది, ఊరికే చదివేవాడు. గుమాస్తాతో అన్నాడూ, 'ఇది తప్పు, దిద్దాలి' అని. ఏం తప్పయ్యా అంటే, 'ప్రేమ పొందినది అని రాయించాను, ఎవరు ప్రేమించారు దాన్ని? ఇవాళ వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాం. గవర్నమెంటు పుస్తకంలో అబద్ధం రాయించినట్టు కాదూ?' అన్నాడు. ఆ గుమాస్తా బిత్తరపోయాడు. నాకూ మతిపోయింది. అప్పుడు కలం తీసుకుని దిద్దాడు. నన్ను సంతకం పెట్టమన్నాడు."

"అమాండా అంటే?"

ఆయన ముఖం వెలిగింది. పాత పని గుర్తొచ్చిన మనిషి ముఖంలా. "ఇది మా మాటమ్మా. సీసా మీద రాస్తాం చూడు. ఆజిటాండా అంటే కుదపవలసినది. సుమెండా అంటే తాగవలసినది. అమాండా అంటే ప్రేమించవలసినది. అయిపోయిన పని కాదు, చెయ్యాల్సిన పని."

ఆమె చేతిలో టీ చల్లారిపోతోంది.

"ఇంటికెళ్ళి, వచ్చిన వాళ్ళకి దణ్ణం పెట్టి పంపించేశాడు. మీ మేనమామ నానా మాటలూ అన్నాడు. తర్వాత డిస్పెన్సరీ లేబుల్ ఒకటి తీసి, దాని మీద ఈ పేరు రాసి, జిగురు రాసి ఉయ్యాల చట్రానికి అంటించాడు. నేనక్కడే ఉన్నాను. మీ అమ్మ మంచం మీంచే అడిగింది, 'అదేంటి?' అని. 'వాడే విధానం' అన్నాడు మీ నాన్న. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వట్లేదు. పక్కన కూర్చుని పేరుకి అర్థం విడమర్చి చెప్పాడు, 'ప్రేమ వస్తుందో రాదో నీ చేతుల్లో లేదు, నా చేతుల్లో లేదు. నిన్ను నేను తప్పు పట్టను. పూటకింత చొప్పున చెయ్యి, చాలు. మందు మింగడానికి ఇష్టంతో పనేముంది?' అని."

"తర్వాత?"

"సినిమా అయితే లేచి నిన్ను ఎత్తుకుని ముద్దులు పెట్టేది. అలాంటిదేం లేదు. మర్నాడు పొద్దున్నే నీకు స్నానం చేయించిందట. ఏడుస్తూ చేయించిందని మీ నాన్న చెప్పాడు. ఆ పై రోజు కూడా. ఇక నా దూది పెట్టె ఖాళీ అయింది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "మా అమ్మ నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదండీ."

"ఎలా పిలుస్తుందమ్మా? ఆవిడకి దాని అర్థం తెలుసు కదా. పిలిచిన ప్రతిసారీ, ఇంకా చెయ్యలేదు ఇంకా చెయ్యలేదు అని తనకి తనే చెప్పుకున్నట్టుండేదేమో." తర్వాత ఆయన అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

బస్సులో ఆమెకు ముందుగా వచ్చింది కోపం. డోసు లెక్కన పెరిగానా నేను అనుకుంది. ఆ కోపం రెండు రోజులుంది. గిన్నెలు తోముతూ ఒక గాజు గ్లాసు పగలగొట్టింది. హాల్లో ఒక ముసలాయన రెండు పిలుపులకీ లేవకపోతే మైకులోనే విసుక్కుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్నడూ అలా చేయలేదు. తర్వాత వెళ్ళి ఆయనకు క్షమాపణ చెప్పి, చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది.

కోపం దిగాక, పిలవకుండానే ఒక్కొక్కటీ జ్ఞాపకం రాసాగాయి. పొద్దున్న ఆరున్నరకు జడ. అమ్మకు జ్వరమొచ్చినా, నాన్న పోయిన వారంలోనూ, ఆరున్నరకు దువ్వెన పట్టుకుని వెనక కూర్చునేది. ఒక్క మాట ఉండేది కాదు. వేళ్ళు చల్లగా ఉండేవి. పాయలు గట్టిగా లాగి అల్లేది, సాయంత్రం వరకు ఒక్క వెంట్రుక ఊడేది కాదు. ఈమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు మంచం పక్క కుర్చీలో గడియారం చూసుకుంటూ కూర్చుంది. నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు, తడిగుడ్డ వేసింది. గంట గంటకీ మార్చింది. బడి వార్షికోత్సవానికి చివరి వరసలో నిలబడి, ఈమె వంతు కాగానే వెళ్ళిపోయింది. ఏ సంవత్సరమూ మానలేదు. అక్కకు ఇచ్చిన ముద్దుల్లో ఒక్కటీ తనకు రాలేదు. కానీ అక్కకు ఎన్నోసార్లు జడ వెయ్యడం మర్చిపోయేది, అక్క అరిచి గోల చేసేది.

పదహారో ఏట ఒకరోజు ఈమె "ఇక నేనే వేసుకుంటా" అంది. అమ్మ దువ్వెన చేతిలో పట్టుకుని కొంతసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి దాన్ని అలమరలో పెట్టింది. బరువు దిగిందని సంతోషించిందనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు ఆ ముఖాన్ని ఎంత గుర్తు తెచ్చుకున్నా, అందులో ఉన్నది ఊరటో, మరొకటో తేలలేదు. చెప్పేవాళ్ళూ లేరు.

హెడ్ క్లర్కు నకలు చూసి పెదవి విరిచాడు. "ఇదైతే పై ఆఫీసుకి పంపాలి, మూడు సంతకాలవ్వాలి. చెప్పా కదా, అమాటా అని మార్చేస్తే ఇవాళే అయిపోతుంది. పలకడానికి కూడా అదే తేలిక."

"వద్దండీ. పంపండి."

"ఆలస్యమవుతుంది మరి."

"అవనివ్వండి. మా నాన్న దిద్దిన పేరు. నేను మళ్ళీ దిద్దను."

కాగితాలు రెండు నెలలు తిరిగి వచ్చాయి. ఈలోగా వీడ్కోలు సభ అయింది. డాక్టర్లు మాట్లాడారు, మన టోకెనమ్మ గొంతు లేని హాలును ఊహించలేమన్నారు. దండ వేశారు, శాలువా కప్పారు. మర్నాడు పొద్దున్నే ఆమె అలవాటుగా తయారై, చెప్పులేసుకోబోయి ఆగిపోయింది. ఆ రోజంతా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. గొంతు గీరుకుపోవడం తగ్గింది. అక్క కూతురు ఒకసారి ఫోను చేసి, "పిన్నీ, ఒక్కదానివే ఎలా ఉంటావు, మా దగ్గరికి వచ్చెయ్యొచ్చు కదా" అంది. రాదని తెలిసి అడిగిన మాట అది. వస్తానని చెప్పదని ఇద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం రెండో కాంపౌండరు కోడలు ఫోను చేసింది.

"ఏమనుకోకండి, అడగొచ్చో లేదో. గురువారాలు నాకు డ్యూటీ వేశారు. మామగారిని ఒక్కర్నే వదల్లేను. మొన్న గ్యాసు వెలిగించి మర్చిపోయారు. మీరేమైనా ఆ ఒక్కపూట వచ్చి కూర్చుంటారా?"

"వస్తాను" అంది ఆమె.

అప్పట్నుంచి గురువారాలు వెళ్తోంది. రెండు బస్సులు మారాలి. ఆయన ఎక్కువగా నిద్రపోతాడు. ఆమె ఎదురుగా కూర్చుని పాత పత్రికలు తిరగేస్తుంది, కిటికీలోంచి ల్యాబు ముందు వరసలో నిలబడ్డవాళ్ళను చూస్తుంది. నాలుగింటికి ఆయన మందు ఇస్తుంది, దిండు సర్దుతుంది. మధ్యాహ్నాలు ఆయనకు మనుషులు కలిసిపోతారు. ఆమెను ఒక వారం నర్సు అనుకున్నాడు, ఒక వారం కోడలి అక్క అనుకున్నాడు. ఆమె ఏదీ కాదనలేదు.

వానపడుతున్న ఒక గురువారం ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"పెద్ద కాంపౌండరు గారి చిన్నమ్మాయినండీ."

ఆయన నుదురు ముడిచి ఆలోచించాడు. "పెట్టెలో పిల్లా? దానికి జలుబు చేసింది కదా. మూడు రోజులుగా పాలు సరిగా తాగట్లేదు. బతికిందా?"

"బతికిందండీ."

"మంచిది" అన్నాడాయన. "మంచి పిల్ల. ఏడ్చేది కాదు." మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆమె లేచి కిటికీ రెక్క దగ్గరగా వేసింది. ఐదున్నరకు కోడలు వచ్చి గొడుగు విదిలించుకుంటూ, "ఏమైనా తిన్నారా?" అని అడిగింది. "రెండు బిస్కట్లు తిన్నారు, మందు వేసుకున్నారు" అని చెప్పి, ఆమె సంచి తీసుకుని బస్టాపుకు బయల్దేరింది.